పికప్ వెనక చీకటి ఎందుకు పోదు? రివర్స్ లైట్ల లెక్క

## క్లుప్తంగా

పికప్ ట్రక్కుల రివర్స్ లైట్లు మసకగా ఉండటానికి చిన్న బల్బు ఒక్కటే కారణం కాదు. ఎదుటివాళ్ల కళ్లు చెదరకూడదని పెట్టిన నిబంధన, పికప్ ఆకారం, ఏళ్లు గడిచేకొద్దీ పాతబడే వైరింగ్, ఈ మూడూ కలిసి ఆ పరిస్థితి తెస్తాయి. అయితే అదే నిబంధన నేల మీదికి పడే వెలుగుకు బోలెడంత చోటు వదిలింది, దాన్ని తయారీ కంపెనీలు పెద్దగా వాడుకోవు. ముందు లెన్సు, ఎర్త్ (బల్బు నుంచి కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగివెళ్లే దారి), వోల్టేజీ చూసుకోవాలి, తర్వాత బల్బు. అదీ చాలకపోతే బంపర్ ఎత్తులో వెడల్పుగా పరుచుకునే రెండు లైట్లు రిలేతో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) బిగించుకోవడం సరైన వరుస. వాట్లు పెంచుకుంటూ పోవడం మాత్రం పరిష్కారం కాదు.

## ఒకే బల్బు, రెండు ఉద్యోగాలు

హెడ్‌లైట్లలో వాడే హెచ్7 బల్బు ఒక్కోటి సుమారు 1500 లూమెన్ల వెలుగు ఇస్తుంది (లూమెన్ అంటే బల్బు మొత్తంగా ఇచ్చే వెలుగు కొలత). రివర్స్ లైట్లలో ఎక్కువగా కనిపించే పి21డబ్ల్యూ, అంటే 21 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు, ఇచ్చేది 460 లూమెన్లు. మూడో వంతు కూడా లేదు. కొన్ని బండ్లలో అంతకంటే చిన్నది, 16 వాట్ల బల్బు ఉంటుంది, దాని వెలుగు 310 లూమెన్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా హెడ్‌లైట్‌కు పెద్ద రిఫ్లెక్టరో లెన్సో ఉండి, పుట్టిన వెలుగును కావలసిన చోటికి మళ్లిస్తుంది. రివర్స్ బల్బుకు దక్కేది టెయిల్ లైట్ డబ్బాలో బ్రేకు లైటూ ఇండికేటరూ పంచుకోగా మిగిలిన చిన్న అర.

అసలు రివర్స్ లైటుకు మొదటి నుంచీ రెండు పనులు అప్పగించారు. డ్రైవరుకు వెనక దారి చూపించడం ఒకటి. వెనక ఉన్నవాళ్లకు ‘బండి వెనక్కి వస్తోంది, జరగండి’ అని చెప్పడం రెండోది. మొదటి పనికి వెలుగు నేల మీద పడాలి. రెండో పనికి ఎదుటివాళ్ల కంటికి తగలాలి, కానీ కళ్లు చెదరగొట్టకూడదు. రెండింటికీ ఒకే బల్బు, ఒకే అద్దం పెట్టినప్పుడు తక్కువ వెలుగుతో సరిపెట్టేయడమే చవకైన దారి.

చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 23వది రివర్స్ లైట్ల గురించే (ఈ మధ్య దాన్ని 148వ నిబంధనలో కలిపేశారు). అందులో తీవ్రతను క్యాండెలాల్లో చెబుతారు, అంటే ఒక దిక్కుకు వెళ్లే వెలుగు ఎంత గట్టిగా ఉందనే కొలత. లైటు నుంచి తిన్నగా వెనక్కి కనీసం 80 క్యాండెలాలు ఉండాలి. లైటు ఎత్తులో అడ్డంగా ఒక గీత ఊహించుకుంటే, ఆ గీత మీదా దానికి పైనా ఎక్కడా 300 దాటకూడదు. గీత నుంచి 5 డిగ్రీలు కిందికి వచ్చేవరకు 600. అక్కడి నుంచి ఇంకా కిందికి అయితే ఏకంగా 8000 వరకు ఉండొచ్చు.

ఈ అంకెల్ని నేల మీదికి దించితే అసలు విషయం బయటపడుతుంది. క్యాండెలాలను మీటర్లలో ఉన్న దూరం వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది, అంటే ఆ చోట ఎంత వెలుగు పడుతోందనే కొలత. 80 క్యాండెలాల లైటు 4 మీటర్ల దూరంలో ఇచ్చేది 5 లక్స్, 10 మీటర్ల దగ్గర 0.8 లక్స్. పౌర్ణమి వెన్నెల దాదాపు పావు లక్స్ ఉంటుంది. అంటే కనీస ప్రమాణంతో గట్టెక్కిన రివర్స్ లైటు పది మీటర్ల అవతల వెన్నెలకు మూడు రెట్లు, అంతే! అదీ వెలుగుకు ఎదురుగా నిలబెట్టిన అట్టముక్క మీద. ఏటవాలుగా తగిలే నేల మీద ఇంకా పల్చబడిపోతుంది.

8000 సంగతి వేరు. లైటు నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 5 డిగ్రీలు కిందికి వంగిన గీత నేలను తాకేది సుమారు 9 మీటర్ల దగ్గర. అంటే బంపర్‌కూ ఆ 9 మీటర్లకూ మధ్య ఉన్న నేల మీద గట్టిగా వెలుగు పోయడానికి నిబంధన అడ్డం రావడం లేదు, అది కాపాడేది ఎదుటివాళ్ల కళ్లను మాత్రమే. ‘చట్టం వల్లే రివర్స్ లైట్లు గుడ్డిగా ఉంటాయి’ అనే మాట సగమే నిజం. మిగతా సగం డిజైనూ ఖర్చూ.

## పికప్‌కే ఎందుకు ఎక్కువ ఇబ్బంది

కారుకూ పికప్‌కూ ఒకే బల్బు పెట్టినా అనుభవం ఒకేలా ఉండదు. కారులో వెనక అద్దం నుంచి చూస్తే డిక్కీ అవతల నేల కొంత దగ్గర్లోనే కనిపిస్తుంది. పికప్‌లో డ్రైవరు సీటు వెనక క్యాబిన్ గ్లాసు, దాని వెనక పొడవాటి తొట్టి, దాని చివర నిలువుగా టెయిల్‌గేట్. బండికి దగ్గరగా ఉన్న నేలంతా ఆ టెయిల్‌గేట్ చాటున పడిపోతుంది. తొట్టిలో సరుకు ఉంటే గ్లాసులోంచి చూసే దారి కూడా మూసుకుపోయి, ఇక సైడు అద్దాలే గతి. రెండు అద్దాల్లో కనిపించేది బండికి రెండు పక్కల ఉన్న నేల. రివర్స్ లైట్లు చూసేది తిన్నగా వెనక్కి. లైటు వెలిగించే చోటూ డ్రైవరు చూసే చోటూ కలవకపోవడమే పికప్‌లో అసలు చిక్కు.

దీనికి తోడు బంపర్. తొట్టిలోకి ఎక్కడానికి వీలుగా చాలా పికప్‌ల బంపర్ మెట్టులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని నీడ సరిగ్గా బండి వెనక మొదటి అరమీటరు మీద పడుతుంది. హిచ్‌కు (ట్రైలర్ తగిలించే కొక్కేనికి) గుద్దుకునే రాయి ఉండేది అక్కడే.

వెనక గ్లాసు నల్లది అయితే ఇంకో దెబ్బ. మూడో వంతు వెలుగునే లోపలికి వదిలే గ్లాసు ఉందనుకుంటే, నేల మీద ఉన్న 5 లక్స్ డ్రైవరు కంటికి రెండు లక్స్ కంటే తక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. లోపలి అద్దం వెనక హెడ్‌లైట్లకు తనంతట తానే నల్లబడే రకం అయితే, రివర్స్ గేరు పడగానే అది మళ్లీ తెల్లబడేలా సాధారణంగా ఏర్పాటు ఉంటుంది, వెనక బాగా కనిపించాలని. మంచి ఏర్పాటే. కానీ బయట తప్పుగా బిగించిన లైటు ఉంటే దాని మెరుపు కూడా తగ్గకుండా నేరుగా కళ్లలోకే వస్తుంది, ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

## కెమెరా వచ్చాక లైటు ఎందుకు

అమెరికాలో 2018 మే 1 నుంచి తయారైన కొత్త తేలికపాటి వాహనాలన్నింటికీ రివర్స్ కెమెరా తప్పనిసరి. అక్కడి ప్రమాణం ప్రకారం బండి వెనక సుమారు 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న చోటు తెర మీద కనబడాలి. ఇది వచ్చాక లైట్లను పట్టించుకోవాల్సిన అవసరం తగ్గిందని అనుకోవడం సహజమే, కానీ కెమెరాకు కూడా వెలుగు కావాలి. చీకట్లో కెమెరా తనకు అందిన కొద్ది వెలుగును పెంచి చూపిస్తుంది, దాంతో పాటు గింజలు గింజలుగా వచ్చే చెత్త కూడా పెరుగుతుంది. బూడిద రంగు గోడ, బూడిద రంగు నేల ఒకటైపోయి, మధ్యలో ఉన్న ఇనుప స్తంభం మాయమైపోతుంది.

పికప్‌లో కెమెరా సాధారణంగా టెయిల్‌గేట్ హ్యాండిల్ దగ్గర ఉంటుంది. పొడవాటి సరుకు వేసుకుని టెయిల్‌గేట్ దించి నడిపితే అది నేలను చూస్తూ ఉంటుంది, అంటే సాయం బాగా అవసరమైన రోజే పనికిరాదు.

లైటు పెంచితే కెమెరాకు మేలే, అయితే ఎలా పెంచామన్నది ముఖ్యం. కెమెరా తెర మొత్తానికి ఒకే లెక్క మీద వెలుగు సర్దుకుంటుంది కాబట్టి మధ్యలో ఒక్కచోట తెల్లగా మండే మచ్చ ఉంటే మిగతా అంచులన్నీ ఇంకా నల్లబడతాయి. చవక ఎల్‌ఈడీలు కొన్ని కంటికి తెలియకుండా వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కెమెరా తెర మీద అవే చారలుగా కనిపిస్తాయి. కెమెరాను ఆనుకుని లైటు పెడితే దుమ్ము, పొగమంచు, వాన చినుకులు అన్నీ తెల్లటి తెరలా ముందుకొస్తాయి. బంపర్ రెండు మూలల్లో పెడితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

## ఎంత దూరం కనిపిస్తే చాలు

అదనపు లైట్లు కొనేటప్పుడు ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. డబ్బా మీద ‘300 మీటర్ల దూరం’ అని రాసి ఉంటే గొప్పగా అనిపిస్తుంది. రివర్స్‌లో 300 మీటర్లతో పనేముంది?

గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తున్న బండి సెకనుకు 1.4 మీటర్లు కదులుతుంది. ఏదో కనిపించి కాలు బ్రేకు మీద పడటానికి సెకనున్నర పడుతుందనుకుంటే 2 మీటర్ల చిల్లర, బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో పావు మీటరు. మొత్తం రెండున్నర మీటర్ల లోపు. వేగం 10 కిలోమీటర్లు అయితే ఇదే లెక్కలో 5 మీటర్లు దాటుతుంది. కాస్త ఎడం కలుపుకున్నా 8 నుంచి 10 మీటర్లు స్పష్టంగా కనిపిస్తే చాలు. నిబంధన వదిలిన 9 మీటర్లూ ఇదీ దాదాపు ఒకటే కావడం చూస్తే, ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకుండానే పని జరిగిపోతుందని అర్థమవుతుంది.

దూరం కంటే వెడల్పు ముఖ్యం. వెనక్కి వస్తూ స్టీరింగ్ తిప్పితే బండి ముందు భాగం పక్కకు ఊడ్చినట్టు తిరుగుతుంది, వెనక చక్రం లోపలి మూలను కోసుకుంటూ వస్తుంది. కాబట్టి వెనక చక్రాల పక్కన ఉన్న నేల కూడా కనబడాలి. 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు వెలిగించాలంటే 54 చదరపు మీటర్లు. సగటున 20 లక్స్ ఇవ్వాలంటే, అంటే ఓ మోస్తరు వీధి దీపాల వెలుగు, నేల మీదికి సుమారు 1100 లూమెన్లు చేరాలి. సగం వెలుగు పక్కలకూ లెన్సులోనూ పోతుందనుకున్నా 2200. రెండు లైట్లు, ఒక్కోటి నిజంగా 1100 లూమెన్లు ఇచ్చేవి. అంతకు మించి పెట్టినా నష్టమేనా అంటే, అవును, కొంత నష్టమే. దగ్గర్లో నేల మరీ తెల్లగా మెరిస్తే కళ్లు దానికి అలవాటు పడి, వెలుగు అంచు దాటాక ఉన్నదంతా గోడలా నల్లగా కనిపిస్తుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, చెదరడానికి మాత్రం ఒక్క క్షణం చాలు.

## కొనేముందు చూసుకోవాల్సినవి

ఉన్న లైట్లు తాము ఇవ్వాల్సినంత ఇస్తున్నాయా అన్నది ముందు చూడాలి. ఫిలమెంట్ బల్బుకు ఒక లక్షణం ఉంది, వోల్టేజీ కాస్త తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. సుమారుగా వోల్టేజీ 3.4వ ఘాతంతో మారుతుందని లెక్క. పది శాతం వోల్టేజీ పోతే ముప్పై శాతం వెలుగు పోయినట్టే. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉండి బల్బు హోల్డర్ దగ్గర 12 మాత్రమే వస్తుంటే, బల్బు కొత్తదైనా సరే మూడో వంతు వెలుగు దారిలోనే పోయింది.

ఆ ఒకటిన్నర వోల్టు ఎక్కడ పోతుందంటే, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, పచ్చగా చిలుము పట్టిన హోల్డర్, వదులైన కనెక్టర్. పికప్ వెనక భాగం బురద, నీళ్లు ఎక్కువ తినే చోటు కాబట్టి ఇవి మామూలే. మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది బల్బు ఎర్త్‌కు పెట్టి, లైటు వెలుగుతుండగా చూస్తే ఎర్త్ దారిలో ఎంత పోతుందో నేరుగా తెలుస్తుంది. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే పర్వాలేదు, అర వోల్టు దాటితే బోల్టు విప్పి గీకాల్సిందే. గేరు వేసి చూసే పరీక్ష కాబట్టి చక్రాలకు అడ్డం పెట్టి, బ్రేకు మీద ఒక మనిషిని కూర్చోబెట్టి చేయాలి.

లెన్సు ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కి మసకబారితే వెలుగు తగ్గడమే కాకుండా చెల్లాచెదురవుతుంది, పాలిష్ చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. దీనికి ఖర్చు దాదాపు లేదు, అందుకే కాబోలు దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

## ఎల్‌ఈడీ బల్బు వేసేస్తే సరిపోతుందా

పాత బల్బు తీసి అదే హోల్డర్లో ఎల్‌ఈడీ బల్బు వేయడం అన్నింటికంటే తేలిక. ఫలితం మాత్రం బండిని బట్టి మారుతుంది. రిఫ్లెక్టరును గీసేటప్పుడు వెలుగు ఒక సన్నటి తీగ నుంచి, ఫలానా బిందువు దగ్గర పుడుతుందని లెక్క వేస్తారు. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు కాండం చుట్టూ అతికించిన చిన్న చిన్న ముక్కల నుంచి పుడుతుంది, ఆ ముక్కలు తీగ ఉండాల్సిన చోట కచ్చితంగా ఉండవు. దాంతో మొత్తం వెలుగు పెరిగినా, అది పడాల్సిన చోట పడకపోవచ్చు. దూరం నుంచి చూస్తే లైటు ధగధగలాడుతుంది, వెనక నేల మాత్రం అంతంత మాత్రం. అంటే సిగ్నల్ ఉద్యోగం బలపడింది, దారి చూపే ఉద్యోగం అలాగే ఉంది.

వేడి సంగతి కూడా ఉంది. ఫిలమెంట్ బల్బు వేడిని బయటికి వెదజల్లేస్తుంది, ఎల్‌ఈడీకి వేడి వెనక మొదట్లో పోగవుతుంది. మూసి ఉన్న చిన్న డబ్బాలో అది బయటికి పోదు, బల్బు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది, నాసిరకం అయితే కాలిపోతుంది. రివర్స్ లైటు వెలిగేది నిమిషమో రెండు నిమిషాలో కాబట్టి చాలాసార్లు ఇది బయటపడదు.

కొత్త బండ్లలో బల్బు మాడిందో లేదో కంప్యూటరు కరెంటు కొలిచి తెలుసుకుంటుంది. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడంతో బల్బు పోయిందని డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలుగుతుంది. కంప్యూటరు మధ్యమధ్యలో పంపే చిన్న పరీక్ష కరెంటుకు ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమనడం కూడా మామూలే. దీనికి రెసిస్టర్ కలపడం ఒక ఉపాయం, కానీ 6 ఓమ్‌ల రెసిస్టర్ 13.5 వోల్టుల దగ్గర 30 వాట్ల వేడి పుట్టిస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది. దాన్ని ప్లాస్టిక్‌కు టేపుతో అతికించేవాళ్లు ఉన్నారు. లోహం రేకుకు బోల్టుతో బిగించాలి. ఇంత చేసి 20 వాట్ల లోపు ఆదా చేసే బల్బుకు 30 వాట్లు తినే రెసిస్టర్ జోడించినట్టయింది, అదొక విచిత్రం.

## అదనపు లైట్లు ఎక్కడ బిగిస్తే ఏమవుతుంది

ఎత్తు మారితే వెలుగు గుణం మారుతుంది. 40 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే బంపర్ కింద, లైటు పెట్టారనుకుందాం. 4 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల రాయి ఉంటే దాని నీడ 2.4 మీటర్లు సాగుతుంది. అదే లైటు ఒక మీటరు ఎత్తులో ఉంటే నీడ 70 సెంటీమీటర్లే. పొడుగు నీడలు గుంతల్నీ రాళ్లనూ కొట్టొచ్చినట్టు చూపిస్తాయి, కానీ నీడ లోపల ఏముందో కనిపించదు. పైగా మరీ కింద ఉంటే బురద కప్పేస్తుంది, రాయి తగులుతుంది, ట్రైలర్ తగిలిస్తే పూర్తిగా మూసుకుపోతుంది.

క్యాబిన్ పైకప్పు మీదో తొట్టి ముందరి రాక్ మీదో పెడితే సరుకు ఎక్కించడానికి భేషుగ్గా ఉంటుంది, వెనక్కి తీయడానికి మాత్రం ఇబ్బంది. తొట్టి అంచులూ టెయిల్‌గేట్ పైభాగమూ ముందు మెరుస్తాయి, ఆ మెరుపు క్యాబిన్ గ్లాసులోంచి, తెల్లబడిన లోపలి అద్దంలోంచి డ్రైవరు కళ్లలో పడుతుంది. టెయిల్‌గేట్ నీడ వెనక నేల మీద పరుచుకుంటుంది. టెయిల్‌గేట్‌కే బిగిస్తే అది దించినప్పుడు లైటు నేలను చూస్తుంది, తీసి వేసే ప్రతిసారీ వైరు నలుగుతుంది.

అన్నీ చూస్తే బంపర్ ముఖం మీద రెండు మూలల్లో, 50 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో, వెడల్పుగా పరిచే ఫ్లడ్ రకం లైట్లు ఎక్కువ బండ్లకు నప్పుతాయి. కాస్త బయటి వైపుకు, 15 నుంచి 20 డిగ్రీలు తిప్పి పెడితే సైడు అద్దాల్లో కనిపించే నేల కూడా వెలుగుతుంది. వెనక చక్రాల ముందు, బాడీ కింద చిన్న లైట్లు రెండు పెట్టడం తక్కువమంది చేసేది, కానీ ఇరుకు సందుల్లో బండి తిప్పేవాళ్లకు అది వెనక లైట్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

రంగు విషయంలో 4000 నుంచి 5000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) మధ్య తెలుపు మేలు. నీలం ఎక్కువున్న 6500 కెల్విన్ లైటు చూడటానికి ప్రకాశంగా అనిపించినా మట్టి నేల నీలాన్ని సరిగా తిప్పి పంపదు, పైగా కంటికి చురుక్కుమంటుంది. పొగమంచును పసుపు వెలుగు చీల్చుకు వెళ్తుందనే మాట ప్రచారంలో ఉంది. మంచు చుక్కలు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, తేడా అంతా కంటి ఇబ్బందిలోనే.

నీళ్లు తగిలే చోటు కాబట్టి ఐపీ67 ఉండాలి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి రాకూడదు. ప్రెషర్ వాషర్‌తో కడిగే బండి అయితే ఐపీ69కె వెతుక్కోవడం మంచిది, ఎందుకంటే 67 పరీక్షలో నీటి ధాటి ఉండదు.

## రివర్స్ వైరు సిగ్నల్‌కే, కరెంటుకు కాదు

అదనపు లైట్లు పెట్టిన బండ్లలో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది వైరింగ్ దగ్గర. రివర్స్ బల్బుకు వెళ్లే వైరు కోసి, దానికే కొత్త లైట్లు కలిపేయడం తేలిక. పాత బండ్లలో గేర్‌బాక్స్ మీద ఉన్న చిన్న స్విచ్ గుండా ఈ కరెంటంతా పోవాలి. అది రెండు బల్బుల 42 వాట్లకు, అంటే 3 ఆంపియర్లకు లెక్కేసి పెట్టింది. దాని మీద ఇంకో 40 వాట్లు పడితే లోడు దాదాపు రెట్టింపు, స్విచ్ లోపలి పాయింట్లు కాలుతూ వస్తాయి. కొత్త బండ్లలో స్విచ్ బదులు కంప్యూటరే ఎలక్ట్రానిక్‌గా కరెంటు ఇస్తుంది. ఎక్కువ లాగితే షార్ట్ అనుకుని ఆ లైన్ ఆపేస్తుంది, అప్పుడు కొత్త లైట్లతో పాటు పాతవీ ఆరిపోతాయి.

రిలే ఈ బరువంతా తప్పిస్తుంది. రిలే కాయిల్ (దాన్ని పనిచేయించే తీగచుట్ట) తీసుకునేది ఒక ఆంపియర్‌లో ఆరేడో వంతు. 85, 86 పిన్నులు కాయిల్‌వి, ఒకదానికి రివర్స్ వైరు, ఇంకోదానికి ఎర్త్. 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా వచ్చే వైరు, 87 నుంచి లైట్లకు. ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి, లైట్ల దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు కాపాడేవాళ్లు ఉండరు. 3 ఆంపియర్ల లోడుకు 5 లేదా 7.5 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. కాయిల్ ఆగిపోయే క్షణంలో వెనక్కి కొట్టే వోల్టేజీ కంప్యూటరుకు తగలకుండా లోపలే డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఉన్న రిలే దొరుకుతుంది, కొత్త బండ్లకు అదే వాడాలి, అలాంటి రిలేలో 85, 86 తారుమారు చేయకూడదు.

వైరు మందం గురించి ఒక లెక్క. 6 మీటర్ల పొడవు, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో 3 ఆంపియర్లు పోతే 0.4 వోల్టు తగ్గుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.13. హాలోజెన్ లైట్లకు ఈ తేడా కంటికి తెలుస్తుంది. మంచి ఎల్‌ఈడీ లైటు లోపలి డ్రైవర్ సర్క్యూట్ దీన్ని సర్దుకుంటుంది, కాబట్టి దానికి వైరు మందం వెలుగు కోసం కాదు, వేడెక్కకుండా ఉండటం కోసం.

చేత్తో వేసుకునే స్విచ్ కూడా కావాలనుకున్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. రాత్రి తొట్టిలోంచి సరుకు దించేటప్పుడు గేరుతో పని లేకుండా లైటు కావాలి కదా. స్విచ్ వైరును తీసుకెళ్లి రివర్స్ వైరు కలిసిన 86 పిన్నుకే కలిపేస్తారు. స్విచ్ నొక్కగానే రిలే పడుతుంది, లైట్లూ వెలుగుతాయి, కానీ అదే కరెంటు రివర్స్ వైరులోకి ఎదురెక్కి వెళ్తుంది. బండి రివర్స్‌లో ఉందనుకుని పాత రివర్స్ లైట్లు వెలుగుతాయి, కెమెరా తెర తెరుచుకుంటుంది, అంతకు మించి కంప్యూటరు అవుట్‌పుట్‌లోకి కరెంటు ఎదురుగా పోతుంది. రెండు వైర్లకూ చెరో డయోడ్ పెడితే సమస్య పోతుంది. లేదా మూడు స్థానాల స్విచ్ వాడి, ఒక వైపు రివర్స్ సిగ్నల్, ఇంకో వైపు బ్యాటరీ, మధ్యలో ఆఫ్ పెడితే రెండూ ఎప్పటికీ కలవవు. రెండో పద్ధతిలో పొరపాటుకు చోటు తక్కువ.

## ట్రైలర్ తగిలించినప్పుడు

ట్రైలర్ వెనక ఉంటే బంపర్ లైట్లు వెలిగించేది ట్రైలర్ ముఖాన్నే. అప్పుడు లైట్లు ట్రైలర్ వెనక ఉండాలి, వాటికి సిగ్నల్ సాకెట్ నుంచి రావాలి. నాలుగు పిన్నుల చదును కనెక్టరులో రివర్స్ లైన్ ఉండదు. అమెరికా పద్ధతి ఏడు పిన్నుల సాకెట్లో మధ్య పిన్ను రివర్స్‌ది, యూరప్ 13 పిన్నుల సాకెట్లో 8వది. ఈ రెండు సాకెట్లలోనూ బ్యాటరీ కరెంటుకు వేరే పిన్ను ఉంటుంది కాబట్టి, ట్రైలర్ లేకపోయినా సరే, రిలేను వెనకే పెట్టి సిగ్నలూ కరెంటూ రెండూ అక్కడి నుంచే తీసుకోవచ్చు. ఇంజన్ దగ్గర్నుంచి వైరు లాగే శ్రమ తప్పుతుంది, అసలు వైర్లు కోయాల్సిన పనీ ఉండదు. ఆ లైన్ ఫ్యూజ్ ఎంతకుందో చూసుకోవడం ఒక్కటే మిగిలిన పని.

## చట్టం, సర్దుబాటు

వెనక్కి తెల్ల వెలుగు వేసుకుని ముందుకు వెళ్లడం దాదాపు అన్నిచోట్లా నేరమే. కారణం సూటిగా ఉంది: చీకట్లో తెల్ల లైట్లు కనిపిస్తే అవి ఎదురొచ్చే బండివని అనుకుంటారు. అమెరికాలో వాహన లైట్లకు సంబంధించిన 108వ భద్రతా ప్రమాణంలోనూ బండి ముందుకు కదులుతున్నప్పుడు రివర్స్ లైటు వెలగకూడదని ఉంది. ఐక్యరాజ్యసమితి నిబంధనలు పాటించే చోట్ల లైట్ల సంఖ్యకు కూడా హద్దుంది, 6 మీటర్ల లోపు బండికి రెండు, అంతకంటే పొడవైన సరుకు బండికి నాలుగు, నేల నుంచి ఎత్తు 25 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య. ఆమోదపు ముద్ర లేని లైటును అక్కడ రివర్స్ లైటుగా లెక్కించరు, పని లైటుగానే చూస్తారు, రోడ్డు మీద వెలిగించకూడదు. చేతి స్విచ్ పెట్టుకున్నవాళ్లు డ్యాష్‌బోర్డులో ఒక చిన్న సూచిక దీపం కూడా పెట్టుకోకపోతే, ఆపడం మరిచిపోయి కిలోమీటర్ల కొద్దీ వెనకవాళ్ల కళ్లు పొడుస్తూ పోతారు.

లైటు ఎటు చూడాలో సరిచేయడానికి గోడ చాలు. సమతలంగా ఉన్న చోట లైట్లకూ గోడకూ మధ్య 5 మీటర్లు వదిలి, లైటు నడిబొడ్డు ఎత్తును గోడ మీద గుర్తు పెట్టి, దానికి 44 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయాలి. 5 డిగ్రీల గీత అదే. బాగా మెరిసే భాగమంతా ఆ గీత కింద ఉండాలి, పైన పల్చటి వెలుగు మాత్రమే మిగలాలి. ఫ్లడ్ లైట్లకు పదునైన అంచు ఉండదు కాబట్టి అనుకున్నదానికంటే ఇంకాస్త కిందికే వంచాల్సి వస్తుంది.

ఇది తొట్టి ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. 3.2 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న పికప్ లోడుతో వెనక 8 సెంటీమీటర్లు కుంగితే బండి 1.4 డిగ్రీలు వాలుతుంది, వెనక లైట్లు అంత మేర నేలవైపు వంగుతాయి. ఖాళీ బండిలో 70 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 మీటర్ల దగ్గర నేలను తాకే వెలుగు లోడు పడ్డాక, ఎత్తు కూడా తగ్గుతుంది కాబట్టి, సుమారు ఆరున్నర మీటర్ల దగ్గరే ఆగుతుంది, అయినా పని నడుస్తుంది. లోడుతో సరిచేసి తర్వాత సరుకు దించేస్తే మాత్రం వెలుగు అదే 1.4 డిగ్రీలు పైకి లేచి, కష్టపడి సరిచేసిన 5 డిగ్రీల గీతను దాటిపోతుంది.